నాయిన నొక్కని స్వరం

మా చర్చిలో కొత్తగా వాయించడం నేర్చుకుంటున్నవాళ్లు నన్ను తరచూ ఒకటే అడుగుతారు. పాత బేస్ గిటార్ మంచిదా, కొత్తది మంచిదా అని. బేస్ వాయించేవాణ్ని ఎవరైనా ఏదైనా అడగడమే అరుదు. పాటగాణ్ని పొగుడుతారు, కీబోర్డు వాయించేవాడితో ఫొటో దిగుతారు, ఆ ఫొటోలో మా భుజం సగం పడితే గొప్ప. కాబట్టి ఎవరైనా అడిగితే నేను ఎగిరి గంతేసి చెప్పాలి. కానీ ఆ ప్రశ్న వినగానే నేను మాట మార్చేస్తాను. ఒకప్పుడు దానికి నేను అందరిముందూ జవాబు చెప్పాను. ఆ జవాబు తర్వాత మా నాయిన మళ్లీ చర్చిలో వాయించలేదు.

రెండూ మచ్చ బొల్లారంలో మా ముందుగదిలోనే ఉన్నాయి. పాతది నాయినది. పెళ్లికి ముందే ఎవరో బ్యాండువాళ్లు వదిలించుకుంటే కొన్నాడు. అరగంట తగిలించుకుంటే భుజం మీద పట్టీ అచ్చు పడుతుంది. తీగలు నొక్కే పొడుగాటి మెడ లావు, రోకలి పట్టుకున్నట్టు ఉంటుంది. తీగలు మెడకు చాలా ఎత్తులో ఉంటాయి, ప్రతి స్వరానికీ గట్టిగా నొక్కాలి. ఏళ్లుగా మార్చని ఆ తీగల్లోంచి వచ్చే మోత గుండ్రంగా, కాస్త మసకగా ఉంటుంది. చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది. కొత్తది నేను నా జీతంతో కొన్నది. ఐదు తీగలు, లోపల బ్యాటరీ, సన్నని మెడ. తీగలు దాదాపు మెడకు ఆనుకునే ఉంటాయి. వేలు ఆనిస్తే చాలు, పలుకుతుంది. ఏ స్వరానికా స్వరం కడిగి ఆరబెట్టినట్టు విడివిడిగా వినిపిస్తుంది, తప్పులతో సహా.

నాయిన మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మిషిన్ మీద పనిచేసేవాడు. డ్యూటీ దిగి వచ్చి నాకు నేర్పేవాడు. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్ని ఫ్రెట్లు అంటాం. అన్నిటికంటే సన్నని తీగ మీద ఏడో ఫ్రెట్ దగ్గరికి వస్తే నా చెయ్యి ఆపేవాడు. "ఆడికి పోకు బిడ్డా. ఆడ గిటార్ సచ్చిపోయింది" అనేవాడు. ఆయన చూడనప్పుడు ఒకసారి నొక్కి చూశాను. నా లేత చిటికెనవేలి కింద అది 'టప్' మని ఊరుకుంది. నిజమే కాబోలు అనుకున్నాను. పాట పైకి వెళ్లే ఆ చోట నాయిన కిందికి, లావు తీగ మీదికి దిగేవాడు. అదే స్వరాన్ని మంద్రంలో వేసేవాడు. నేనూ అలాగే దిగాను. ఆ దిగడం వల్లే పాటకు అందం వచ్చిందని సంఘంలో ముసలివాళ్లు అనేవారు.

ఆరాధనను ఫోన్లలో లైవ్ పెట్టడం మొదలయ్యాక నాకు పెద్దరికం వచ్చింది. పాత బేస్ గిటార్లలో కొన్ని చోట్ల స్వరం చచ్చిపోవడం మామూలేనని చదివాను కూడా. సంఘ పెద్దల ముందు నిలబడి, పాతదానిలో లోపం ఉందని, రికార్డింగుకు పనికిరాదని, కొత్తది వాయిస్తానని చెప్పాను. నాయిన అక్కడే కూర్చుని ఉన్నాడు. ఒక పెద్దమనిషి ఆయన వైపు తిరిగి, "ఏమంటవ్ తమ్మీ?" అన్నాడు.

"పిల్లగాడు చెప్పింది నిజమే. దాంట్ల లోపమున్నది" అన్నాడు నాయిన.

ఆ ఆదివారం నేను కొత్తదానితో వేదిక ఎక్కాను. నాయిన వెనక బెంచీ మీద, ఫ్యాను కింద కూర్చున్నాడు. ఇక అదే ఆయన చోటైంది. ఇన్నేళ్లు మోశాడు, కాస్త విశ్రాంతి దొరికిందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండేళ్లకు గుండెపోటుతో పోయాడు.

పోయాక మొదలైంది అసలు కథ. కొత్త గిటార్‌కు ఏ లోపమూ లేదు. ఐనా ఆ చోటికి రాగానే నా చెయ్యి దానంతటదే కిందికి దిగుతుంది. పైకి వెళ్లాలని ముందే అనుకుని మొదలుపెడతాను, దిగిపోతుంది. రికార్డింగు వింటే అందులో వాయిస్తున్నది నేను కాదు, నాయిన. ఇంకొకటి కూడా ఉంది. గదిలో కొత్తదాన్ని యాంప్ స్పీకరుకు పెట్టి వాయిస్తుంటే, గోడకు ఆనించిన పాతదాని తీగలు సన్నగా వాటంతటవే మోగుతాయి. ఒక తీగ కదిలితే అదే శ్రుతిలో ఉన్న ఇంకో తీగ కదలడం మామూలే, కారణం నాకు తెలుసు. తెలిసినా అక్కడ ఉండలేను. చాలాసార్లు ప్లగ్గు పీకేసి బయటికొచ్చి నిలబడ్డాను. భయమేసింది, ఒప్పుకుంటాను.

నాకు కావలసింది ఒక్కటే. లోపం గిటార్‌దే అని తెలిసినవాడెవరైనా చెప్పాలి. అప్పుడు నేను నాయినకు అన్యాయం చేయనట్టు. మొన్నీమధ్య రెండింటినీ కారులో వేసుకుని, షామీర్‌పేటలో గిటార్లు బాగుచేసే ఒకాయన ఇంటికి పోయాను. ఏడో ఫ్రెట్ దగ్గర స్వరం చచ్చిపోయిందని, సరిచేయాలని చెప్పాను.

ఆయన పాతదాన్ని ఒళ్లో పెట్టుకుని అక్కడే నొక్కి మీటాడు. అది మోగింది. ఆగకుండా, నిండుగా, చాలాసేపు మోగింది. ఆయన మళ్లీ మీటి నా ముఖం చూశాడు.

"ఏందన్నా, మంచిగనే మోగుతాంది గదా. ఎవరు చెప్పిండ్రు సచ్చిందని?"

"మా నాయిన."

ఆయన మెడను వెలుతురు వైపు తిప్పి ఫ్రెట్లు చూశాడు. మొదటి మూడు వేళ్లు పడే చోట్ల లోహం అరిగి గుంటలు పడ్డాయి. చిటికెనవేలు పడాల్సిన చోట్లు మాత్రం మెడ పొడుగునా కొత్తగా ఉన్నాయి.

"తీగలు గింత ఎత్తుల ఉన్నయ్, చిటికెనేలుకు మస్తు బలం గావాలె" అన్నాడు. "మీ నాయిన ఏలుకు ఏమన్న అయ్యిండెనా?"

ఆ వేలి మీద ఒక తెల్లని గీత ఉండేది. ఫ్యాక్టరీలో గీసుకుపోయిందని అనేవాడు. పాత మచ్చే కదా అని నేను ఎప్పుడూ రెండోసారి అడగలేదు. రిపేరు ఏమీ చేయించకుండా వెనక్కి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గిటార్ కింద కూడా పెట్టకుండా అడిగాను.

"మిషిన్ల పడ్డది బిడ్డా. కుట్లేసిండ్రు గని ఆ ఏలికి మల్ల బలం రాలే" అంది. "ఫ్యాక్టరోల్లకు తెలిస్తే పనికెల్లి తీసేస్తరని ఎవ్వలకు చెప్పలే. నీకు చెప్పుడేమో సిగ్గాయె. నేర్పేటోడే సరిగ్గ నొక్కకపోతే పోరడు ఏమనుకుంటడని."

నేను పెద్దల ముందు వేలెత్తి చూపింది గిటార్‌ను కాదు. అది ఆ గదిలో నాయినకు ఒక్కడికే తెలుసు. తెలిసీ నా మాటే నిజమన్నాడు.

అమ్మ ఇంకా ఆపలేదు. "నువ్వు ఆఫీసుకు పోయినంక ఒకపారి నీ కొత్తదాన్ని తీసిండు. నేను ఈడనే ఉన్న. 'గీ దాని మీద నా ఏలు పనిజేస్తాందే' అన్నడు. ఎంత సంబురపడ్డడో. మల్ల తుడిచి ఎట్లున్నదట్ల పెట్టిండు."

నిజమే, సన్నని మెడ, ఆనుకుని ఉన్న తీగలు. ఆ వేలికి కావలసింది అదే. చదువుకున్న నాకు రెండు గిటార్ల తేడాలన్నీ తెలుసు, ఇదొక్కటి తప్ప.

"మరి నన్ను అడగొచ్చు గద అమ్మా!" నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

"నువ్వే అంటవని సూసిండు. ఒక్క పాట నువ్వు వాయించు నాయినా అంటవని." అమ్మ చేతిలోని కాయ వదిలేసి నా వైపు చూసింది. "గోర్లుంటే తీగ సరిగ్గ పట్టదంటుండె గద. పోయేదాంక ప్రతి శనివారం పేపరు పరుసుకొని గోర్లు తీసుకున్నడు."

ఆ పేపరు చాలాసార్లు నేనే మడిచి పారేశాను.