పాస్టరు గారి అక్క తిన్న పండు

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో, అల్లుడి ఉద్యోగం పుణ్యమా అని ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి, మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లుండే కానింగ్ వేల్ పేటలో పక్కింటాయన ముసలి పాస్టరు. పుట్టింది యూదుల ఇంట్లో. కుర్రతనంలోనే ఏసును నమ్ముకుని బోధకుడయ్యాడట. అప్పట్నుంచీ సొంత అక్క ఆయన గడప తొక్కలేదు.

ఒకరోజు కొత్త పళ్లేల పెట్టె మోసుకొస్తూ కనిపించాడు. రేపు అక్క వస్తోందట. యూదుల తిండి నియమం ప్రకారం ఈయన వాడిన గిన్నెలు ముట్టదట, అందుకే కొత్తవి. ఇన్నేళ్లకొచ్చి ఏమీ తినకుండా పోతుందేమోనని ఆయన బెంగ. ఆయన ఇంగ్లీషులో చెప్పిన ఇదంతా మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది.

"డబ్బు దండగ! పెట్టె కొట్లో తిరిగిచ్చెయ్యమను. మడి కట్టుకునే మా అత్తగారు ఎవరింట్లోనూ మంచినీళ్లు తాగేది కాదు. తొక్కతో ఉన్న అరటిపండు చేతికిస్తే మాత్రం తినేది. ఈయన్నీ అదే పెట్టమను" అన్నాను.

అక్క వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున్నే ఆయన కంచె దగ్గరికొచ్చి నవ్వుతున్నాడు.

"తిన్నదా?" అన్నాను.

ఆయన చెప్పింది విని మా అమ్మాయి పడీపడీ నవ్వింది.

"తిన్నదటమ్మా. ఈయన ఏసు మాట ఎత్తబోతే, ఇంకో పండు ఒలిచి ఈయన నోట్లో కుక్కిందట. వచ్చేవారం మళ్లీ వస్తుందట."