లింగమూర్తి సారు ఓట్ల డబ్బాలు

లింగమూర్తి సారు ఓటు పెట్టకుండా ఏ పనీ చేయడు. యాభై రెండులో ఎలక్షన్లు వచ్చినప్పుడు నిర్మల్ బడిపంతుళ్లతో పాటు ఆయన్నూ పోలింగు ఆఫీసరుగా వేశారు. అందరికీ ఎలక్షన్లు ఒక్క రోజులో అయిపోయాయి, ఆయనకు మాత్రం అవలేదు. వంకాయ కూరా బీరకాయ కూరా అన్నదానికీ ఇంట్లో ఓటే. గోడలకు సున్నం ఉగాదికి ముందు వేయాలా, తర్వాతా అన్న పోటీ తేలేసరికి ఉగాది వెళ్లిపోయింది.

ఈ సంగతులన్నీ అక్క రాయించిన ఉత్తరాల్లో చదివి నవ్వుకున్నవాడే ఆయన బామ్మర్ది పర్శరాములు. జమ్మికుంట పత్తి మిల్లులో గుమస్తా. దసరా సెలవులకు భార్య చంద్రవ్వతో నిర్మల్ వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. రెండు రోజుల్లో కొయ్యబొమ్మలు చూశారు, కోట బురుజులు ఎక్కి దిగారు. ఇక చేతిలో ఉన్నది రేపొక్క రోజు. పొద్దున ఎటైనా పోయి, చీకటి పడకముందే తిరిగి రావాలి. ఎల్లుండి జమ్మికుంట బస్సెక్కాలి.

"కుంటాల పోదాం బావా. గిప్పుడు నీళ్లు మస్తు దుంకుతయి," అన్నాడు పర్శరాములు.

"బాసర పోదాం. గింత దూరమొచ్చి అమ్మవారిని చూడకుంట పోతే మా అవ్వ నన్ను ఇంట్లకు రానియ్యది," అంది చంద్రవ్వ.

"నేనూ బాసరే," అంది పర్శరాములు అక్క గంగుబాయి.

ఇంకెవరింట్లోనైనా మాట అక్కడితో తెగిపోయేది. లింగమూర్తి సారు లోపలికి వెళ్లి మూడు రేకు డబ్బాలు తెచ్చి వరసగా పెట్టాడు. చదువురాని వాళ్లకూ తెలియాలని ఒకదాని మీద వీణ, ఒకదాని మీద జలపాతం, మూడోదాని మీద వంతెన బొమ్మ అతికించాడు.

"గీ వంతెనేంది బావా?"

"సోన్ వంతెన."

"దాని మీద ఏమున్నది?"

"మీద ఏం లేదు. కింద గోదారి ఉన్నది."

"గది ఎవరికి కావాలె?"

"పోటీల నిలబెట్టుడు నా పని. గెలిపించుడు మీ పని. నేను ఆఫీసర్ని, నాకు ఓటు లేదు. సమానమైతేనే నా మాట."

ఓటర్లు నలుగురు. నాలుగో మనిషి కిష్టవ్వ, సారుకు మేనత్త. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, ముప్పై ఏళ్లుగా ఆ ఇంటి పొయ్యి దగ్గరే ఉంటోంది. సారు అందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, ఎడమ చూపుడు వేలికి సిరా చుక్క పెట్టాడు. డబ్బాలున్న అర్ర గుమ్మానికి గంగుబాయి చీరను తెరగా కట్టాడు. ఒక్కొక్కరూ వెళ్లొచ్చాక లెక్క తేలింది. బాసర రెండు, కుంటాల ఒకటి, సోన్ సున్న.

చంద్రవ్వ కొత్త చీర తీసి పెట్టుకోవడానికి లేచింది.

"ఈ ఎన్నిక చెల్లది," అన్నాడు సారు.

"ఎందుకు చెల్లది?"

"చీటీలు నిలువుగ మడిచిండ్రు. అడ్డంగ మడవాలె."

అడ్డంగా మడిచి మళ్లీ వేశారు. అదే లెక్క. ఈసారి వీణ డబ్బా మూత సరిగ్గా పడలేదన్నాడు. మూడోసారి వేశారు, మళ్లీ అదే లెక్క. తెర వెనక చంద్రవ్వ దగ్గిందనీ, అది సైగ కిందికి వస్తుందనీ రద్దు చేశాడు.

"దగ్గు రాదా మనిషికి?" అంది చంద్రవ్వ ఏడుపు మొహంతో.

మధ్యాహ్నం దాటింది. రొట్టెలు చల్లారిపోయాయి. పర్శరాములు వేలు సిరా చుక్కలతో నల్లబడింది. ఈ మనిషితో అక్క పదేళ్లు ఎట్లా కాపురం చేసిందో అనుకుంటూ మంచినీళ్ల కోసం వంటింట్లోకి పోయాడు. పొయ్యి పక్క గూట్లో, ఉప్పు జాడీ చాటున మూడు చీటీలు కనిపించాయి.

"గివేంది అవ్వా?"

"మీ బావ ఇచ్చినయే బిడ్డా," అంది కిష్టవ్వ పిండి కలుపుతూ. "కూరలకైతే ఏస్త. ఊర్లు పోవుడు నాకేం ఎరుక? మీరు పోయి రాండ్రి. వచ్చేసరికి వండి పెడ్త."

పర్శరాములు నీళ్లు తాగడం మరిచిపోయి బయటికి వచ్చాడు. సారును అరుగు మీదికి లాక్కెళ్లాడు.

"నాలుగు చీటీలిస్తే మూడే పడుతున్నయి. నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"మరి మడత, మూత, దగ్గు అని మమ్ముల పరేషాన్ చేసుడేంది?"

"మొగం మీద అడిగితే అత్త మీ ఇష్టం అంటది. ముప్పై ఏండ్ల సంది గదే మాట." సారు గొంతు తగ్గించాడు. "ఎలక్షన్ల నాడు నా టేబుల్ ముందల నిలబడ్డది. పేరేందని అడిగితే ఎనకకు మళ్లి చూసింది, ఇంకెవర్నో అడుగుతున్ననని. ఓటేసి వచ్చి, సర్కారు నన్ను అడిగింది అని వాడకట్టంత వారం రోజులు చెప్పుకున్నది. ఒక్క చీటీకి గంత సంబురమైతే, వంకాయ కూరకు ఓటు పెడితే నాదేం పోయింది?"

"మరి సోన్?"

"పెండ్లయి పోంగ గోదారి పుట్టి పడవల దాటింది. మొగడు సచ్చిపోతే గా పడవలనే తిరిగొచ్చింది. వంతెన కట్టిండ్రని విన్నది గని, చూడలే. రొట్టె చేసుకుంట ఒక్కపారి అన్నది, గోదారి మీద నడిచి పోవచ్చటగద అని."

"గీ ముచ్చట పొద్దుగాల్లనే చెప్తే అందరం అటే పోదుముగద."

"పాపమని తీస్కపోతరు. గది ఆమెకు తెల్వదా? ఆమె అడగాలె, గెలవాలె."

పర్శరాములు మళ్లీ వంటింట్లోకి పోయాడు.

"అవ్వా, నీ చీటీ పడేదాక గీ ఎలక్షన్ తెగది. నేను ఎల్లుండి బస్సెక్కకపోతే నౌకరి ఊడుతది. నా కోసం ఒక్కపారి ఎయ్యరాదు."

"అయ్యో, ముందే చెప్పకపోతివి," అంది కిష్టవ్వ. చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, తానే వేలు చాపి సిరా పెట్టించుకుంది. తెర వెనక చాలాసేపు ఉంది.

ఆమె వెనకే వెళ్లిన పర్శరాములు వంతెన డబ్బా మూత ఎత్తి చూశాడు. అది పెద్ద నేరమని వాడికి తెలుసు. లోపల ఒక చీటీ ఉంది. తనదీ దాని మీదే వేశాడు.

బాసర రెండు, సోన్ రెండు, కుంటాల సున్న. సారు తన మాట సోన్‌కు ఇచ్చాడు. చీటీలన్నీ నిలువుగానే మడిచి ఉన్నాయి, ఆయన చూడలేదు.

చంద్రవ్వ మొగుడి వంక తిరిగింది. "కుంటాల కుంటాల అని పొద్దటి సంది నా చెవులు తింటివి."

"రహస్య ఓటు. అడగొద్దు."

మర్నాడు ఆర్మూర్ బస్సెక్కి సోన్‌లో దిగారు. గోదావరి నిండుగా ఉంది. గంగుబాయి రొట్టెల మూట విప్పింది. ఈ నీళ్లు బాసర మీదుగానే వస్తాయని ఎవరో చెబితే, చంద్రవ్వ మెట్లు దిగి తలమీద మూడుసార్లు చల్లుకుని కాస్త చల్లబడింది.

కిష్టవ్వ వంతెన మొదట్లో చెప్పులు విడిచింది. పిట్టగోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. చెయ్యి వదిలి ఇంకో నాలుగు వేసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"నేను ఆ ఒడ్డు దాక పోయొస్త. మీరు తినుండ్రి."

అందరూ మొహాలు చూసుకున్నారు. తోడెవరు పోవాలన్నది తేల్చడానికి లింగమూర్తి సారు జేబులో కాగితం కోసం తడుముకున్నాడు. పర్శరాములు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"జర ఊకో బావా. ఆమె మనల్ని అడుగుతలేదు, చెప్తున్నది."