చూడని సినిమా పాటలు

దమ్మామ్‌లో ఉన్న రోజుల్లో నా దగ్గర ఒక ఇంగ్లీషు నేరకథా సినిమా పాటల సీడీ ఉండేది. తన దేశం వెళ్ళిపోతున్న ఫిలిప్పీన్స్ సహోద్యోగి ఒకడు సామాన్లు పంచిపెడుతూ అది నా చేతిలో పెట్టాడు. సినిమా నేను చూడలేదు. అప్పట్లో సౌదీలో సినిమా హాళ్ళే లేవు. అందులోవి సినిమా కోసం కొత్తగా కట్టిన పాటలు కావు. ఆ కథ జరిగిన కాలంలో అమెరికాలోని నల్లజాతి గాయకులు పాడిన పాత సోల్, బ్లూస్ పాటలు. ఒకటి గొంతు చించుకుని ఏడ్చినట్టుంటే, ఇంకొకటి పక్కన కూర్చుని కష్టం చెప్పుకున్నట్టుండేది.

వాటిని నాతో పాటు విన్నది మా కంపెనీ డ్రైవర్. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను సిబ్బంది కాగితాలు చూసేవాణ్ణి. వారానికి నాలుగు రోజులు ఆయన నన్ను జుబైల్ సైట్‌కి తీసుకెళ్ళేవాడు. దారంతా బండిలో ఆ సీడీయే. ఇంగ్లీషు రాదు. అయినా పాటలను బట్టి సినిమా కథంతా ఆయనే అల్లుకున్నాడు. మొదటి పాటలో దొంగ బండి తోలుకుంటూ ఊరు దాటుతాడట. నాలుగో పాట రాగానే సౌండు కాస్త తగ్గించేవాడు.

"గిది ఆని పెండ్లాం పాట సార్. పోలీసులొచ్చి అడుగుతున్నరు. ఆమె చెప్తలేదు."

నిజానికి ఆ పాటలో ఒకావిడ తనను వదిలిపోయినవాణ్ణి తిడుతుంది. నేను సరిదిద్దలేదు. ఆయన కథే బాగుండేది.

ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాఖత్ నియమం వచ్చాక మా కంపెనీ అన్నిటికంటే కింది తరగతి, ఎరుపులో పడింది. సౌదీ ఉద్యోగులు చాలినంతమంది లేరు కనక మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండే అనుమతులు, రెన్యువల్ కావన్నారు. కొందరిని ఇంటికి పంపడానికి మేనేజర్ జాబితా తయారు చేయించాడు. టైపు చేసింది నేనే. అందులో డ్రైవర్లందరూ ఉన్నారు. కాగితాలు ఇచ్చేలోగా పేర్లు బయటికి పొక్కితే నీ పేరు కూడా చేరుతుందని నవ్వుతూనే అన్నాడు. నా భార్య, కూతురు అక్కడికి వచ్చి అప్పటికి రెండు నెలలే.

ఆ వారమే జుబైల్ దారిలో డ్రైవర్ జాబితా విషయం కదిపాడు. ఒక గోదాములో డ్రైవర్ కావాలట. వాళ్ళ ఊరివాడే మాట్లాడి పెట్టాడు. ఎరుపు కంపెనీ నుంచి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోకపోయినా మారొచ్చు. కాకపోతే బుధవారంలోగా ఏదో ఒక మాట చెప్పాలి.

"జాబితాల నా పేరుంటే పోత సార్. లేకుంటే పన్నెండేండ్ల కంపెనీ, ఎందుకు ఇడిశిపెట్టాలె? ఉన్నదా?"

"నాకింకా తెలీదన్నా," అన్నాను.

"తెలిస్తే చెప్తరు గద."

చెప్తానన్నాను. చెయ్యి చాపి పాట సౌండు పెంచాను. ఆయన మళ్ళీ అడగలేదు. స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ బండి తోలాడు.

బుధవారం దాటిపోయింది. శనివారం, దేశం విడిచి పొమ్మనే ఫైనల్ ఎగ్జిట్ కాగితం నేనే ఆయన ముందు పెట్టి, సంతకం ఎక్కడ చేయాలో వేలితో చూపించాను. గోదాముకి పరుగెత్తాడు గానీ అక్కడ అప్పటికే వేరేవాణ్ణి తీసుకున్నారు. వెళ్ళేరోజు మా ఇంటికొచ్చి నా కూతురికి ఖర్జూరాల డబ్బా ఇచ్చాడు. సీడీ ఉంచుకోమన్నాను. ఇంటికాడ దేంట్లో వెయ్యాలని నవ్వాడు.

"మీరేం జేస్తరు సార్. మీ చేతుల ఏమున్నది?"

అప్పుడైనా చెప్పాల్సింది. సీడీ తీసుకెళ్ళి లోపల పెట్టేశాను.

తర్వాత కొన్నేళ్ళకు వెంట ఉన్న కుటుంబాల మీద తలకింత అని నెలనెలా లెవీ పడింది. భార్యనీ కూతురినీ పంపేసి, మరుసటి ఏడాది నేనూ కాకినాడ వచ్చేశాను. ఒక ఉదయం ఆయనకు ఫోన్ చేశాను. స్కూలు బస్సు తోలుతున్నానన్నాడు. జాబితా నేనే టైపు చేశానని, అడిగిననాడే నాకు తెలుసని చెప్పాను. అవతల బస్సు ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"గప్పుడే చెప్పుంటే బాగుంటుండె సార్," అన్నాడు.

కోపంగా అనలేదు. నా కూతురు ఏం చదువుతోందని అడిగాడు. పిల్లలు ఎక్కుతున్నారని పెట్టేశాడు.

ఇప్పటికీ దసరాకి నేనే ఫోన్ చేస్తాను. ఎత్తుతాడు, బాగానే మాట్లాడతాడు. తనంతట తాను మాత్రం ఒక్కసారి కూడా చేయలేదు.