వాకబుకి వచ్చిన పెద్దాయన

నన్ను నేను పూర్తిగా తెలుసుకున్నానని గట్టిగా నమ్మిన రోజులు కొన్నున్నాయి. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, బెజవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ ఉద్యోగం. టీ టైములో మెకానిక్కులకి ఆత్మజ్ఞానం బోధించేవాణ్ణి (వాళ్ళు వినేవారు, టీ చల్లారేదాకా వేరే పనేముంది మరి). మనిషి తన లోపలికి తాను చూసుకోవాలనీ, నేనైతే ఎప్పుడో చూసేసుకున్నాననీ నా ధీమా. నాతోపాటు కౌంటర్లో ఉండేవాణ్ణి అందరూ గేర్‌బాక్స్ అనేవారు, రోజంతా ఏదో ఒక చప్పుడు చేస్తుంటాడని. ఓనరుగారు ఎంత తిట్టినా దులిపేసుకుని పోయే రకం. వాడికి లోపలంటూ ఒకటి లేదని నా నిశ్చితాభిప్రాయం.

ఆ వారమే మా అమ్మ గన్నవరం సంబంధం ఒకటి చూసింది. ఫొటోలో ఆ అమ్మాయి నవ్వు చూశాక నాకు అన్నం సయించలేదు. "వాళ్ళు వాకబుకి వస్తార్రా, షాపులో కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండు" అని అమ్మ హెచ్చరించింది. మా వైపు బయోడేటాని ఎవరూ నమ్మరు. పిల్ల తరఫువాళ్ళు ఎవరో ఏదో పనున్నట్టు వచ్చి, అబ్బాయి ఇరుగుపొరుగునో తోటి ఉద్యోగులనో మెల్లిగా కదిపి చూస్తారు.

మూడోరోజు మధ్యాహ్నం గేర్‌బాక్స్ భోజనానికి వెళ్ళినప్పుడు, తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన ఒకాయన వచ్చి ఫ్యాన్ బెల్ట్ అడిగాడు. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, "మీతో పనిచేసే అబ్బాయి ఎట్టాంటోడు బాబూ? మాకు తెలిసినోళ్ళ పిల్లకి అనుకుంటన్నారు" అన్నాడు. ఈయనకి నా మొహం తెలియదు, నా గురించి నన్నే అడుగుతున్నాడు! (అబ్బాయి పేరేమిటని అడిగే ఇంగితం జ్ఞానులకి ఎక్కడిది!)

"బంగారమండీ" అన్నాను.

"అందరూ అదే అంటార్లే. లోపాలేమన్నా ఉంటే చెప్పు బాబూ, ఆడపిల్ల జీవితం."

మరీ పొగిడితే నమ్మడేమోనని, "కొంచెం అలుగుతాడండీ. అన్నం మానేస్తాడు" అన్నాను.

"ఎన్ని పూటలు?"

"ఒక పూటేనండీ. రెండో పూటకి ఆకలికి ఆగలేడు."

అక్కడితో ఆపితే బాగుండేది. కానీ నన్ను నేను 'అతను' అనుకోవడంలో ఏం సుఖముందో, నోరు ఆగలేదు. ఓనరు తిడితే గోడౌన్‌లో అట్టపెట్టెల వెనక్కి వెళ్ళి ఏడుస్తాడని చెప్పాను. పైకి అంతా తెలిసినట్టు మాట్లాడతాడు గానీ లోపల అన్నిటికీ భయమేనని చెప్పాను. ఎవరైనా ఒక్క మంచిమాట అంటే నెల్లాళ్ళు తల్చుకుంటాడని కూడా చెప్పాను. ఇవేవీ మా అమ్మతో అన్నవి కావు, నాతో నేను అనుకున్నవీ కావు. చెబుతుంటే ఇదెవరి కథా అని నాకే విడ్డూరంగా అనిపించింది.

"ఇంతకీ మంచోడేనా?" అన్నాడాయన.

నాకు తెలియలేదు. నిజంగానే తెలియలేదు. "ఏమోనండీ" అన్నాను. ఆయన బెల్ట్ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. చక్కటి సంబంధాన్ని చేజేతులా చెడగొట్టుకున్నానని ఆ సాయంత్రం అట్టపెట్టెల వెనక చాలాసేపు ఉండిపోయాను.

పది రోజుల తర్వాత గేర్‌బాక్స్ కాజాల డబ్బాతో వచ్చాడు. "ఒరేయ్, నాకు సంబంధం ఖాయమైంది! పిల్ల వాళ్ళ నాన్నే షాపుకి వాకబుకొచ్చాడంట, నువ్వే చెప్పావంట. ఇంత మెత్తని మనసున్న కుర్రాణ్ణి వదులుకోనని కూర్చున్నాడంట. ఏం చెప్పావురా బాబూ?" నోటిదాకా తెచ్చిన కాజాని మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. గన్నవరం వాళ్ళు అసలు వాకబుకే రాలేదు. జాతకాలు కుదరలేదని ఫోన్లోనే తేల్చేశారు.

ఆ తర్వాత రెండేళ్ళకి నాకూ వేరేచోట పెళ్ళయింది. మొన్న గేర్‌బాక్స్ గృహప్రవేశానికి ఇద్దరం వెళ్ళాం. వాడి భార్య గారెలు వడ్డిస్తూ, "అన్నయ్యగారూ, ఈయన ఎవరికీ కనపడకుండా ఏడుస్తారని ఆ రోజు మా నాన్నతో చెప్పారంటగా! పద్నాలుగేళ్ళ నుంచీ చూస్తన్నా, ఆ మనిషి నాకు ఒక్కసారి కూడా కనపళ్ళేదండీ" అంది, నవ్వుతూనే. పక్కనుంచి మా ఆవిడ, "మా ఆయన మరీనూ వదినా! ఈయనకసలు దేనికీ చలనం ఉండదు" అంది.

ఆ మనిషి నాకు తెలుసమ్మా, అని చెబుదామనుకున్నాను. కానీ అతన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. కాస్త దిగులేసింది. నవ్వేసి, ఇంకో గారె వేయమన్నాను.