లచ్చవ్వ గొంతులో గులాబీ దారం

2021. సూరత్‌లో కరోనా రెండో విడత సద్దుమణిగి, జనం మాస్కులు గడ్డం కిందికి దించుతున్న రోజులు. సలాబత్‌పురాలో నాది ఈఎన్‌టీ క్లినిక్, అంటే చెవి, ముక్కు, గొంతు వైద్యం. ఆ ఏడాది ఎవరైనా "గొంతు నొప్పి" అంటే చాలు, చుట్టూ నాలుగు కుర్చీలు ఖాళీ అయ్యేవి.

నిజానికి గొంతు నొప్పుల్లో చాలావరకు మామూలు వైరస్‌లవే. ఉప్పునీళ్లు పుక్కిలించి, పారాసిటమాల్ వేసుకుని, నోరు మూసుకుని కూర్చుంటే వారంలో పోతాయి. కొన్ని కడుపులో పులుపు పైకి తన్నడం వల్ల వస్తాయి. కరోనా పుణ్యమా అని కొత్తరకం కూడా చూశాను. మిరియాలు, శొంఠి దంచి పోసిన కషాయం రోజుకు ఐదుసార్లు తాగి గొంతు కాల్చుకున్నవాళ్లు!

లచ్చవ్వది వీటిలో ఏదీ కాదు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం, ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. మొదటిసారి వచ్చినప్పుడు జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి మచ్చలు, దవడ కింద వాపు. దగ్గు లేదు. కరోనా పరీక్షలో ఏమీ రాలేదు. ఇది బ్యాక్టీరియా పని అనుకుని పది రోజుల యాంటీబయాటిక్ రాశాను. తగ్గింది. మూడు వారాలకు మళ్లీ వచ్చింది. మళ్లీ రాశాను. బతుకమ్మ మొదలైన రోజున మూడోసారి వచ్చి కూర్చుంది.

నాకు కోపం కాస్త ముక్కు మీదే ఉంటుంది. "జ్వరం తగ్గగానే మాత్రలు ఆపేశారు కదూ?" అని విసుక్కున్నాను.

ఆమె సంచిలోంచి మాత్రల ఖాళీ పట్టీలన్నీ తీసి బల్ల మీద పరిచింది. "సూడు సారూ, ఒక్కటి గూడ ఇడువలే. నేను మంచిగనే మింగిన. నీ మందే మంచిగ లేదు."

పట్టీలు లెక్కపెట్టాను, సరిపోయాయి. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "జర తొందరగ తగ్గియ్యి సారూ. ఇంక ఎనిమిది దినాలల్ల సద్దుల బతుకమ్మ. పోయినేడు కరోనా అని ఆడనియ్యలే. మా గల్లీల పాట ఎత్తేది నేనే. మా పోరగాండ్లు ఈడ పుట్టిండ్రు, గర్బా వస్తది గని మన పాటలు రావు. నేను నోరు తెరువకుంటే డీజే పెడ్తరట." కొంగుతో కళ్లు తుడుచుకుంది.

టార్చి వేసి చూశాను. ఎడమ టాన్సిల్ గుంతలో ఏదో సన్నగా మెరిసింది. ఫోర్సెప్స్‌తో, అంటే చిన్న పట్టకారుతో లాగితే గులాబీ రంగు దారపు పోగు!

"ఇదేంటమ్మా, దారాలు తింటున్నారా?"

"తినుడేంది సారూ, పీల్చుడు! కండె అయిపోతే కొత్త కండె పెట్టాలె గద. కొస నాడె కన్నుల కెల్లి బయటికి రావాలె. నోరు పెట్టి సుర్రున గుంజుతం."

నాడె అంటే మరమగ్గం మీద అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే పడవలాంటి చెక్క. కండె దాంట్లో కూర్చునే దారపు చుట్ట, కన్ను దాని పక్కనున్న చిన్న రంధ్రం. కోస్తాలో పుట్టిన నాకు అప్పటిదాకా ఈ సంగతే తెలియదు.

"ఆ నాడె ఇంకెవరైనా నోట్లో పెట్టుకుంటారా?"

"రెండో పాలీ మా యారాలు కనకవ్వది. ఇద్దరికి అవే సాంచలు, అవే నాడెలు." పాలీ అంటే షిఫ్టు, యారాలంటే తోటికోడలు, సాంచ అంటే మరమగ్గమే. వెంటనే గర్వంగా చెప్పింది. "గని కరోనాకు మేం మస్తు పైలం సారూ. సబ్బుతోని చేతులు కడుగుతం, మాస్కు అస్సలే తియ్యం."

"మరి నాడె పీల్చేటప్పుడు?"

పక్కున నవ్వింది. "అయ్యో, గప్పుడు కిందికి గుంజుతం!"

"కనకవ్వ గొంతు బాగుందా?"

నవ్వు ఆగిపోయింది. "దానికి గూడ నొస్తున్నది. కరోనా అని కార్ఖానా బందు పెడ్తరని ఎవ్వలికి చెప్తలేదు."

ఆ సాయంత్రమే కనకవ్వను పిలిపించాను. ఇద్దరికీ కరోనా లేదు. త్రోట్ స్వాబ్ తీశాను, అంటే పుల్లకు చుట్టిన దూదితో టాన్సిల్స్ తుడిచి ల్యాబుకు పంపడం. ఇద్దరి గొంతుల్లోనూ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా పెరిగింది. నేను ఒకరికి తగ్గిస్తుంటే నాడె రెండోవారి దగ్గర్నుంచి తెచ్చి మళ్లీ అంటిస్తోందన్నమాట. వదిలేస్తే ఒక్కోసారి గుండెకు కూడా చేటు చేసే రకం. ఇద్దరికీ ఒకేసారి పది రోజుల కోర్సు మొదలుపెట్టాను. నాడెలు సబ్బుతో కడగమన్నాను, నోరు పెట్టొద్దన్నాను. కనకవ్వ పాత గొడుగు పుల్లను కొక్కెంలా వంచి దాంతో దారం లాగడం మొదలుపెట్టింది. లచ్చవ్వకు అదనంగా ఐదు రోజులు మౌనం.

మధ్యలో ఆమె భర్త వచ్చాడు. "ఇల్లు మస్తు నిమ్మళంగున్నది సారూ. ఇంకో నాలుగు దినాలు రాసియ్యరాదు?"

సద్దుల నాటి సాయంత్రం, అంటే బతుకమ్మ చివరి రోజున, మా ఆవిడతో కలిసి వాళ్ల గల్లీకి వెళ్లాను. తంగేడు దొరక్క బంతీ చామంతీ పేర్చారు. లచ్చవ్వను పక్కకు పిలిచి "ఒక్క పాటే, సరేనా?" అన్నాను. తలూపింది. పాట ఎత్తింది చూడండి, గల్లీ చివరి ఇంట్లోంచి కూడా ఆడవాళ్లు బయటికొచ్చారు. పిల్లలు మొదట గర్బా చప్పట్లే కొట్టి, కాసేపటికి ఆమె వెనక పాట అందుకున్నారు. మా ఆవిడ చెప్పులు విడిచి వరుసలో దూరింది. వైద్యుడిగా అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

ముప్పావుగంట గడిచింది. ఆమె నా ముందునుంచి తిరుగుతుంటే ఉండబట్టలేక "ఒక్కటే అన్నాను కదమ్మా!" అని అరిచాను.

"ఒక్కటే సారూ. ఇంక ఒడువలే!" అదే పాట, ఇంకా అయిపోలేదట.

ఇప్పుడు గొంతు నొప్పి అని ఎవరొచ్చినా, టార్చి తీసే ముందు "మీ పని ఎలా చేస్తారో ఒకసారి చేసి చూపించండి" అంటాను. మూడుసార్లు ఆమె గొంతులోకి చూసిన నేను, మొదటిరోజే ఆ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.