నల్లోడి గొంతు మీద పప్పుబద్ద

ఆ రోజుల్లో మేము భయాలను కూడా పొదుపుగానే వాడుకునేవాళ్లం. ఇంట్లో ఒక భయం పుట్టిందంటే పదేళ్లు దాంతోనే గడిపేవాళ్లం తప్ప, ఇప్పటిలా పూటకొక కొత్తది తెచ్చుకునేవాళ్లం కాదు. నా వంతుకు వచ్చిన భయం ఒక పిల్లి. మూడో తరగతితో బడి మానేసిన మనిషి పిల్లుల రంగుల గురించి చెప్పడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. (నవ్వుకు ఖర్చేమీ లేదు.) నేను మాత్రం ఆ నాలుగు ముక్కలు నేర్చుకోవడానికి ఒక చెవి మాటీ పోగొట్టుకున్నాను.

జగ్గయ్యపేటలో పుట్టి నందిగామ కోడలినై వచ్చిన రెండో ఏడు అది, డెబ్బైల మొదట్లో అనుకోండి. మా అత్తగారింట్లో ఒక మూడు రంగుల పిల్లి ఉండేది. తెలుపు మీద నల్ల చెక్కలు, ఎర్ర చెక్కలు అతికించినట్టుండేది. దాని కొడుకు నల్లోడు. ఒళ్లంతా బొగ్గు. గొంతు దగ్గర మాత్రం ఒక తెల్లమచ్చ, ఎడమకు ఒరిగిన కందిపప్పు బద్దలాగా, దాని కింద ఆవగింజంత చుక్క. ఆ మచ్చ నాకంత వివరంగా ఎలా తెలుసంటే, వారం రోజులు కూడబెట్టి ఉట్టి మీద దాచిన వెన్న తింటూ వాడు తలెత్తి నా వంక చూసినప్పుడు నాకు ముందు కనబడింది అదే. అత్తగారికేమో వాడంటే ప్రాణం. "వాడుండబట్టే గదిలో వేరుశనక్కాయలు మిగిలినయ్యి," అనేది. నాకు వేరుశనక్కాయలు కనబడలేదు. గిన్నె అడుగు కనబడింది.

పిల్లిని వాగు దాటిస్తే తిరిగి రాదని మా వైపు గట్టి నమ్మకం. మర్నాడు పుట్టింటికి పోతున్నానని చెప్పి, ఎవరూ చూడకుండా నల్లోడి వెనకకాళ్లకు పురికొస బిగించి, గోనెసంచిలో కట్టి బస్సెక్కాను. కండక్టరు సంచి వంక చూశాడు.

"ఏందమ్మా అందులో?"

"గుమ్మడికాయ."

సంచి కదిలింది. "బాగా పండినట్టుంది," అనేసి ఆయన ముందుకు పోయాడు. వెనక్కి వచ్చి దానికీ టిక్కెట్టు కొట్టమంటాడేమోనని సంచి మూతికి ఇంకో రెండు చుట్లు బిగించాను. నా ఖర్మ అక్కడే మొదలైంది. కాసేపు గీకుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. వాగు దాటాక, జగ్గయ్యపేట ఇంకా రెండు మైళ్లుందనగా దిగి, తుమ్మచెట్ల వెనక మూతి విప్పాను. లోపల కదలిక లేదు. పుల్లతో పొడిచాను. ఎటు తోస్తే అటు ఒరిగింది తప్ప మీసం కూడా కదల్లేదు. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద బండి లేదు, చెట్ల మీద పిట్ట లేదు. ఆ ఎండలో నాకు చలేసింది. సంచి అక్కడే వదిలేసి (ఉతికితే ఇంకో ఏడాది వచ్చే సంచి) వెనక్కి చూడకుండా నడిచాను.

పుట్టింట్లో అన్నం సయించలేదు. "అమ్మా, ఎవరో తెలియక పిల్లిని చంపితే ఏమవుద్దే?" అని ఊరికే అడిగినట్టు అడిగాను. "బంగారు పిల్లిని చేయించి బ్రాహ్మణుడికి దానమియ్యాల. లేకపోతే ఆ ఉసురు కడుపున పుట్టేవాళ్లకి తగులుద్ది," అంది అమ్మ, చింతపండులో గింజలు తీస్తూ. అప్పటికి నాకు నెల తప్పింది. ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. గింజ తీసినప్పుడల్లా అమ్మ నా లెక్కేదో తీస్తున్నట్టనిపించింది.

బంగారపు చెవి మాటీ ఒకటి తీసుకుని కంసాలి దగ్గరికి పోయాను.

"ఎంత పిల్లి కావాలమ్మా?"

"ఎంత చిన్నదైతే అంత."

"మరీ చిన్నది చేస్తే ఎలకవుద్ది తల్లీ."

"తోక పొట్టిగా పెట్టు, పిల్లి అవుద్ది."

సెనగగింజంత పిల్లి తయారైంది. దాన్ని కొంగున ముడేసుకుని నందిగామ చేరాను. దానమివ్వాలంటే అత్తగారికి చెప్పాలి. చెబితే ఇంట్లో నిలవలేను. చెప్పకపోతే కడుపులో బిడ్డ. ఈ రెంటి మధ్య నలుగుతూ గడప దాటానో లేదో, "మూడు రంగులది ఈనింది చూడు," అంది అత్తగారు. గడ్డిమోపు మీద మూడు మగకూనలు. ఒకటి ఎర్రది. రెండు బొగ్గు నలుపు. "నల్లోడు నాలుగు రోజులనుంచీ కనపళ్లేదు. వాడే వీడైనట్టున్నాడే," అని ఆవిడ నవ్వింది. పోయినవాడు ఇద్దరై వచ్చాడనుకున్నాను నేను. కళ్లు తెరవని ఆ కూనలు రెండూ నేను ఎటు తిరిగితే అటే మొహాలు తిప్పాయి.

నల్లోణ్ణి వదిలొచ్చిన పదిహేడో రోజు మధ్యాహ్నం, వడగాడ్పుకు వీధంతా తలుపులేసుకున్న వేళ, పెరటిగోడ మీద నల్లోడు కూర్చుని ఉన్నాడు. బక్కచిక్కి ఉన్నాడు. అరవలేదు, కదల్లేదు, నన్నే చూస్తున్నాడు. పాలు పోశాను. (కావాలని పాలు నేలపాలు చేయడం నా జన్మలో అదే మొదలు.) ముట్టలేదు. మర్నాడు అదే వేళకు అక్కడే. ఆ మర్నాడూ అంతే. నేను లోపలికి పోయాక గిన్నె ఖాళీ అయ్యేది. దయ్యాలకు మొహమాటముంటుందని అప్పుడే తెలిసింది.

నాలుగోనాడు తట్టుకోలేక మా ముందరిగదిలో అద్దెకున్న టీచరమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. హైస్కూల్లో సైన్సు చెప్పేది ఆవిడ. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, దయ్యాల్ని మాత్రం లెక్కచేసేది కాదు. కుట్టుపెట్టెలోంచి నల్లదారం ఒకటి, ఎర్రదారం ఒకటి తీసింది.

"ఆడపిల్లికి ఈ రంగు దారాలు రెండుంటయ్ చెల్లెమ్మా. మగదానికి ఒకటే, అదీ తల్లిచ్చిందే. మీ మూడు రంగులదాని దగ్గర నల్లదొకటి, ఎర్రదొకటి ఉన్నయ్. అందుకే ఒళ్లంతా చెక్కలు చెక్కలు. కొడుక్కి నల్లదిస్తే నల్లోడు, ఎర్రదిస్తే ఎర్రోడు. పోయినసారీ అదే తల్లి, ఈసారీ అదే తల్లి. నల్లకూనలు పుట్టక ఏం పుడతయ్?"

"తండ్రి సంగతి?"

"మగబిడ్డల నలుపూ ఎరుపూ సంగతిలో తండ్రి మాట చెల్లదు."

(ఆ మాట నాకు నచ్చిందని ఒప్పుకోవాలి.)

"గోడ మీదోడు వాడి తమ్ముడో అన్నో అవ్వచ్చుగా," అన్నాను ఆశగా. ఆవిడ దారాలు పక్కన పెట్టింది. "తెలుపు వేరే సంగతి. కడుపులో ఉన్నప్పుడు రంగు వీపు నుంచి కిందికి పాకుద్ది. గొంతుకీ పొట్టకీ చేరకముందే ఆగితే అక్కడ తెల్లగా మిగిలిపోద్ది. ఎక్కడ ఆగుద్దో తల్లికీ తెలవదు, తండ్రికీ తెలవదు. అచ్చంగా ఒకే మచ్చ రెండు పిల్లులకి రాదు. పోయి గొంతు చూడు. మచ్చ వేరైతే ఇది వేరే పిల్లి, నువ్వు చంపినట్టే. అదే మచ్చయితే నల్లోడే, బతికే ఉన్నాడు."

"దయ్యమైతే?"

"దయ్యం పాలు తాగుద్దా? నువ్వు పోసే నీళ్లపాలు అసలే తాగదు."

ఆ మధ్యాహ్నం గోడ దాకా పది అడుగులు వేయడానికి నాకెంతసేపు పట్టిందో చెప్పలేను. ఒక చేత్తో కొంగుముడిలోని బంగారు పిల్లిని పట్టుకున్నాను, రెండో చెయ్యి కడుపు మీద. వాడు తల వంచుకుని ఉన్నాడు. మచ్చ కనబడటం లేదు. గాడ్పు కూడా ఆగింది. "నల్లోడా," అన్నాను. వాడు మెల్లగా తలెత్తాడు, ఆనాడు ఉట్టి మీద వెన్న తింటూ ఎత్తినట్టే.

ఎడమకు ఒరిగిన పప్పుబద్ద. కింద ఆవగింజంత చుక్క. వెనకకాలికి నేను బిగించిన పురికొస ముక్క ఇంకా వేలాడుతోంది.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఆనాడు సంచిలో ఊపిరాడక సొమ్మసిల్లాడంతే. వాడికి నన్ను చూస్తే కోపం, అంతకు మించి ఏ మహిమా లేదు. సంచిలోకి తోసినదాని చేతి పాలు ఎదురుగా ఎవరు తాగుతారు?

బిడ్డ నిక్షేపంగా పుట్టాడు. నల్లోడు ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికి, ఒక్కనాడు కూడా నా ముందు పాలు ముట్టకుండానే పోయాడు. పెరట్లో నేనే గొయ్యి తీశాను. బంగారు పిల్లిని కూడా అందులో వేద్దామని ముడి విప్పి, మళ్లీ వేసుకున్నాను. బంగారాన్ని మట్టిలో కలిపే మనిషిని కాను. అది ఇప్పటికీ పోపులపెట్టెలో మెంతుల అరలో ఉంది. మనవరాలు తీసి చూసి "ఇది ఎలకా నాయనమ్మా?" అంటుంది. ఒంటి మాటీ సంగతి చెప్పకుండా, తోక చూడమంటాను.

ఇప్పుడు కూడా గోడ మీద నల్లపిల్లి కనబడితే, మోకాళ్లు మొరాయిస్తున్నా వంగి ముందు గొంతు చూస్తాను. ఒకదానికి అసలు తెలుపే ఉండదు, ఒకదానికి గీత, ఒకదానికి బొట్టు. టీచరమ్మ చెప్పినట్టే ఆ మచ్చ మళ్లీ రాలేదు. రాదని తెలుసు. చూశాక కాస్త పాలు పోసి, లోపలికొచ్చి తలుపు వేసేస్తాను, అది నా ముందు తాగడానికి మొహమాటపడుతుందేమోనని.