హాలు గోడకు మూడో తెలుపు

మొన్న ఆదివారం సొంత ఇంట్లో, సొంత పెళ్ళాం ముందర, దొంగ మాదిరి చెమటలు పట్టి నిలబడినానప్పా! నవ్వేదుంటే ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో నవ్వితే చెప్పను.

హాలుకు రంగు వేయిస్తా ఉండాం కదా. మా సరళ మూడు నెలలు ఆలోచించి, "ముదురు రంగులొద్దు, తెలుపులోనే ఏదో ఒకటి" అనింది. ఏదో ఒకటి అంటే నాలుగు! గోడమీద నాలుగు తెలుపులు జానెడు జానెడు పూయించి, కింద పెన్సిల్‌తో నంబర్లు రాసింది. వారం దినాలు చూసి "మూడోదే" అని తేల్చింది. ఒకటోది పసుపు కొడ్తాదంట, రెండోది ఆస్పత్రి మాదిరంట, నాలుగోది దుమ్ము పట్టినట్టంట. నా కండ్లకు నాలుగూ ఒకటే. ఆ మాట బయటికి అంటానా?

ఇంతలో హిందూపురంలో వాళ్ళక్క కూతురి సీమంతం వచ్చింది. పోతా పోతా, "రంగు పేరు రాసుకోండి, ఫోటో తీసి పెట్టుకోండి" అనింది. నేనేమన్నా? "ఇరవై ఏండ్లుగా చిక్కపేట అంగట్లో చీరలకు మ్యాచింగ్ బ్లౌజు గుడ్డ ఇస్తా ఉండా. నాకు ఫోటో కావల్నా?"

అనేసి అంగడికి పోయినా. సాయంత్రం వచ్చి చూస్తే గోడ నున్నగా ఉండాది. నంబర్లు లేవు, నాలుగు తెలుపులూ లేవు!

"మునిరాజూ, ఏంచేసినావప్పా?"

"ఎమరీ పేపర్ కొట్టి లప్పం పట్టించినా అన్నా. రేపు రంగు తెచ్చిస్తే మొదలుపెట్టేస్తా," అన్నాడు మా పెయింటరు, శాలువా కప్పుతానేమో అన్నట్టు నవ్వతా.

శాంపిల్ డబ్బాలేవని అడిగితే అవీ పారేసినాడంట, పేర్లూ గుర్తు లేవంట. ఫోన్ చేసి అడుగుదామా? అంత మాట అన్నోణ్ణి, ఏ మొహంతో అడిగేది! పెయింటు అంగట్లో షేడ్ కార్డు ముందర పెట్టినారు. అందులో తెలుపులే ఒక పేజీ! ఎండలోకి తీసుకపోయి చూసినా, ట్యూబ్‌లైటు కింద చూసినా. కడకు వెంకటరమణ స్వామిని తలుచుకొని ఒకదాని మీద వేలు పెట్టినా.

మునిరాజు దాన్నే గోడకు పూసేసినాడు. ఇంక చూడండి నా అవస్థ. తడిమీద ఒక రంగు, ఆరినాక ఒక రంగు! పొద్దున నీలం తిరిగినట్టుంటాది, లైటేస్తే గులాబీ. రెండు దినాలు అన్నం దిగలేదు. ఆమె మూడు నెలల కష్టం మట్టిపాలు చేసినా, ఇంక ఈ జన్మకు ఇంట్లో నా మాట చెల్లదని ఒకటే భయం.

ఆదివారం పొద్దున సరళ దిగింది. బ్యాగు పక్కన పెట్టి, హాలు నడుమ నిలబడి గోడను చూస్తా ఉండాది. తల పక్కకు వంచింది. దగ్గరికి పోయి చేత్తో తడిమింది.

నావల్ల కాలేదప్పా! "సరళా, తప్పయిపోయింది! నంబర్లు చెరిగిపోయినాయి. మూడోది ఏదో నాకు తెలీదు, దేవుడిమీద భారమేసి ఏదో తెచ్చేసినా. మొదట్నుంచీ నాకు నాలుగూ ఒకటేనే!" అని మొత్తం కక్కేసినా.

ఆమె నా పక్క తిరిగింది. "గడియారం తగిలించే మేకు యాడపోయిందా అని వెతుకుతా ఉండానండీ. రంగు మూడోదే అనుకున్నా. చక్కగా వేయించినారు అని చెప్పబోతా ఉండా!"

చెప్పి, మళ్ళా గోడను చూసింది. ఈసారి కండ్లు చిన్నవి చేసి.

"నిజమే... ఇది మూడోది కాదు!"

వచ్చే ఆదివారం మళ్ళా మొదట్నుంచీ పనంట. రంగు తెచ్చే బాధ్యత మునిరాజుకు ఇచ్చింది. నాకు సోఫా జరిపే పని. గోడకు రెండు కోటింగులు వేయించినా కదా, అందులో ఒకటి నా నోటికి వేయించుకొనుంటే బతికిపోయేవాణ్ణి!